లైటు తగ్గించిన కొద్దీ

పార్సిప్పనీ
నవంబరు 10, 2024

ఒరేయ్ ఉమాకాంత్,

ఫ్రీమాంట్‌లో ఎండ కాస్తున్నట్టు మీ ఆవిడ భానుశ్రీ స్టేటస్ పెట్టింది. చూసి కుళ్లుకున్నాను. ఇక్కడ సాయంత్రం టీ గ్లాసు కింద పెట్టేలోపే చీకటి పడుతోంది.

ఫోన్ చెయ్యకుండా ఈ మెయిలు ఉత్తరాలేమిటని విసుక్కోకు. నా చెవుల సంగతి నీకు తెలుసు. మెషీన్ పెట్టుకుని ఫోన్ ఎత్తితే అవతలివాళ్ల మాట కంటే దాని ఈలే గట్టిగా వినిపిస్తుంది. పైగా తణుకు పోస్టాఫీసులో ఉన్నన్నాళ్లూ ఊళ్లోవాళ్ల ఉత్తరాలకి ముద్రలు కొట్టడమే గాని, నా పేరున వచ్చినవి తక్కువ. అక్క కొడుకువి, ఆ ముచ్చట నువ్వు తీర్చు.

పని ఉండే రాస్తున్నానులే. ఇక్కడ నాకు తోచడం లేదని మా అల్లుడు అవినాష్ కరివేపాకు, గోంగూర, రెండు మిరప మొక్కలు కుండీల్లో పెట్టించాడు. చలికాలం ఎండ చాలదని వాటికి ఆన్‌లైన్‌లో ఒక గ్రో లైటు కొన్నాడు. ఎండకి బదులు వెలుగిచ్చే పలక అన్నమాట. భోజనాల బల్ల పక్కన వేలాడదీసి, సోమవారం పొద్దున్నే ఎప్పటిలా ఉద్యోగానికి ఇర్వింగ్ ఫ్లైటెక్కాడు. వెళ్తే గురువారం రాత్రి గాని రాడు.

మొక్కలు కళకళలాడుతున్నాయి. నేనూ అంతే. కానీ ఆ వెలుగు పెళ్లిలో వీడియో వాడి లైటులా ఉంది. మా అమ్మాయి స్పందన ఆ బల్ల మీదే లాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకుంటుంది. మీటింగులో దాని మొహం సున్నం కొట్టినట్టు కనిపిస్తోందని ఆఫీసు వాళ్లు నవ్వారట. లైటుకి తగ్గించే మీట లేదు. నువ్వు ఇలాంటి కరెంటు సామాన్లు డిజైన్ చేసే కంపెనీలోనే కదా పనిచేస్తున్నావు. ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది ఏదైనా చేసి పంపు. చెల్లెలి కోసం ఆ మాత్రం చెయ్యవూ?

మీ పిన్ని,
చాముండేశ్వరి


ఫ్రీమాంట్
నవంబరు 24, 2024

పిన్నికి నమస్కారాలు.

నీ ఉత్తరం ఆఫీస్‌లో చదివి గట్టిగా నవ్వాను. పక్క సీట్ వాడు ఏమైందని అడిగాడు. మా పిన్ని ఫ్యాన్ రెగ్యులేటర్ ఆర్డర్ చేసిందని చెప్పాను.

రెగ్యులేటర్ చేశాను. నిన్న పార్సెల్ పంపాను. లైటుకి కరెంటు అందించే తెల్ల పెట్టె ఒకటి ఉంటుంది చూడు, దాన్ని డ్రైవర్ అంటారు. దానికి రెండు సన్నటి వైర్లు వేలాడుతుంటాయి. వాటికి నా పెట్టెని తగిలించమని అవినాష్‌కి చెప్పు. ఫొటోలు తీసి అతనికి పంపాను.

ఇది ఎలా పనిచేస్తుందో చెప్పకపోతే నువ్వు ఊరుకోవు కాబట్టి చెప్తున్నాను. నా పెట్టె డ్రైవర్‌కి ఒక సిగ్నల్ పంపుతుంది. ఉండు, లేదు, ఉండు, లేదు అని, సెకనుకి వందసార్ల పైన. దీన్ని పీడబ్ల్యూఎం అంటారు. ఉండు అనే వంతు ఎక్కువైతే వెలుగు ఎక్కువ, లేదు అనే వంతు ఎక్కువైతే వెలుగు తక్కువ. నాబ్ తిప్పితే ఆ వంతులే మారతాయి. నా దగ్గరున్న డ్రైవర్‌కి పెట్టి చూశాను. వెలుగు వెన్నలా తగ్గింది.

ఈ నెలంతా కొత్త ప్రాజెక్ట్ గొడవ. భానుశ్రీ నన్ను చూసి మూడు రోజులైందంటుంది, ఒకే ఇంట్లో ఉంటూ. లేటయితే తిట్టుకోకు.

ఉంటాను మరి,
ఉమ


పార్సిప్పనీ
డిసెంబరు 8, 2024

మా ఇంజనీరు బాబుకి,

నీ రెగ్యులేటర్ దివ్యంగా ఉంది. అవినాష్ పది నిమిషాల్లో బిగించాడు. సగానికి తిప్పగానే హాలు గుడిలో దీపం పెట్టినట్టయింది. స్పందన నన్ను పట్టుకుని ముద్దు పెట్టింది. నీకు ఇమ్మని అది చెప్పలేదు గాని, నేను సగం పంపుతున్నాను.

నువ్వు చెప్పింది అర్థమైంది. పైకి వెలుగుతున్నట్టే ఉంటుంది గాని, లోపల ఆరిపోతూ వెలుగుతూ ఉంటుందన్నమాట. మీ అమ్మ అలిగినప్పుడు ఇలాగే ఉండేది.

గోంగూర మొదటి కోత కోశాను. ఫొటో తీసి పంపుదామంటే ఫోను పాడైంది. మొక్కల్ని తీస్తే మీద నల్లటి అడ్డగీతలు పడుతున్నాయి. వీడియో తీస్తే ఆ గీతలు పైకి పాకుతున్నాయి కూడా. అలాంటి ఫొటో పంపితే మొక్కలకి తెగులనుకుంటావని పంపడం లేదు.

స్పందన రెండు రోజులుగా కళ్లు నలుపుకుంటోంది. లైటు ఇంకా ఎక్కువగా ఉందేమోనని, అది అడక్కుండానే మరి కాస్త తగ్గించాను. మొక్కలకి చాలుతుందంటావా?

గోంగూర పచ్చడి నీ పేరు చెప్పుకుని మేమే తినేస్తున్నాం.

పిన్ని


ఫ్రీమాంట్
డిసెంబరు 15, 2024

పిన్నీ,

రెండు ముక్కలే రాస్తున్నాను, మీటింగ్‌కి మీటింగ్‌కి మధ్యలో. లైటు తగ్గించు, ఫరవాలేదు. మొక్కలు చావవు, మెల్లగా పెరుగుతాయి. స్పందన కళ్లు ముఖ్యం కదా.

ఫోన్ సంగతంటావా, కెమెరా పోయి ఉంటుంది. అది నువ్వు రిటైరైనప్పుడు కొన్నది. అవినాష్ చేత కొత్తది కొనిపించు, అల్లుడు ఆ మాత్రం చెయ్యడా?

ఉమ


పార్సిప్పనీ
జనవరి 5, 2025

నాయనా ఉమాకాంత్,

కొత్త సంవత్సరం బాగుండాలి మీ ఇద్దరికీ. అవినాష్ కొత్త ఫోను కొనిచ్చాడు. నా అదృష్టమేమో, దాంట్లోనూ అవే గీతలు. ఇంక ఆ ఊసెత్తను. మళ్లీ అడిగితే ముసలావిడ గొంతెమ్మ కోరికలనుకుంటాడు.

నీతో ఒక సంగతి చెప్పాలి. మనసులో పెట్టుకో.

స్పందన నా దగ్గర కూర్చోవడం మానేసింది. మొదట లాప్‌టాప్ బెడ్రూంలోకి మార్చింది. కాల్స్ ఎక్కువమ్మా, నీకు డిస్టర్బెన్స్ అంది. నాకు డిస్టర్బెన్సేమిటిరా, నాకు వినిపించి చస్తే కదా! తర్వాత అన్నం కూడా ప్లేటులో పెట్టుకుని లోపలికే పోతోంది. హాల్లోకి వచ్చిందంటే నల్ల కళ్లద్దాలు. ఇంట్లో నల్ల కళ్లద్దాలేమిటే, సినిమా తారవా అన్నాను. నవ్వింది, అంతే.

నిన్న చెత్త పడెయ్యడానికి కిందికి వెళ్తే పార్కింగులో కారులో కూర్చుని ఉంది. ఇంజను ఆపేసి, కళ్లు మూసుకుని. నన్ను చూసి ఉలిక్కిపడింది. ఫోన్లో మాట్లాడుతున్నానంది. చేతిలో ఫోను లేదు.

నా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా అని తెగ ఆలోచించాను. హాలంతా నా కుండీలే. బల్ల సగం నాదే. అడిగితే అబ్బే అంటుంది. అందుకే నాకు చేతనైంది చేస్తున్నాను. అది హాల్లోకి రావడం కనిపిస్తే చాలు, లేచి రెగ్యులేటర్ ఇంకాస్త తగ్గిస్తాను. ఇప్పుడు దాదాపు చివరికి వచ్చింది. మిరప మొక్కలు పుల్లల్లా సాగి ఓ పక్కకి వాలిపోయాయి. పోతే పోనీ.

నీతో అది బాగా మాట్లాడుతుంది కదా. నా మీద ఏమైనా కోపమా? నేను అడగమన్నానని చెప్పకుండా కనుక్కో.

నీ మాట కోసం చూస్తూ,
పిన్ని


ఫ్రీమాంట్
జనవరి 12, 2025

పిన్నీ,

స్పందనతో మాట్లాడాను. అలాంటిదేమీ లేదు. ఆఫీస్‌లో కొంచెం వర్క్ ప్రెజర్. నువ్వు అనవసరంగా ఏదేదో ఊహించుకోకు.

దాన్ని ఏమీ అడక్కు. ప్లీజ్. కొన్నాళ్లు అలా వదిలెయ్యి. కారులో ప్రశాంతంగా ఉంటుందని కూర్చుంటుందేమో. మా దగ్గర కూడా చాలామంది అలా చేస్తారు.

ఏప్రిల్‌లో ఇండియా వెళ్లే టికెట్ జరుపుకుని ఈసారి వేసవిలో మా దగ్గరికి వచ్చేయకూడదూ? ఇక్కడ బాల్కనీలో ఎండ ఊరికే పోతోంది. నీ కుండీలన్నీ పెట్టుకోవచ్చు.

ఆరోగ్యం చూసుకో. చలికి బయట తిరక్కు.

ఉమ


పార్సిప్పనీ
జనవరి 26, 2025, ఆదివారం పొద్దున

చిరంజీవి ఉమాకాంత్‌కి,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. నువ్వు చిన్నప్పుడు అబద్ధమాడితే చెవులు ఎర్రబడేవి. ఉత్తరంలో చెవులు కనిపించవు గాని, మాటలు కనిపిస్తాయి. ‘ఏమీ అడక్కు’ అన్నావు. ఆ వెంటనే ‘మా దగ్గరికి వచ్చేయకూడదూ’ అన్నావు. పోస్టాఫీసు దాన్నిరా. కవరు చూసి లోపల శుభవార్తో కాదో చెప్పేదాన్ని. నన్ను ఇక్కణ్ణుంచి పంపించేయాలని అన్నాచెల్లెళ్లు మాట్లాడుకున్నారని అర్థమైంది. నీ మీద కోపం లేదు. నాకు నొప్పి కలగకుండా చెప్పాలని చూశావు.

మొన్న గురువారం సాయంత్రం మంచు తుపానుకి కరెంటు పోయింది. ఆ సంగతి రాయకుండా ఉండలేను. అవినాష్ ఫ్లైటు క్యాన్సిలై ఇర్వింగ్‌లోనే చిక్కుకున్నాడు. హీటరు లేదు, ఏమీ లేదు. ఒక కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చున్నాను. స్పందన దుప్పటి పట్టుకుని వచ్చి నా పక్కన చేరింది. నల్ల కళ్లద్దాలు లేవు. తల దువ్వమంది. దువ్వాను. వాళ్ల మేనేజరు ఎలా దగ్గుతాడో చేసి చూపించింది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. మిరప మొక్కల్ని చూసి, ‘అయ్యో, ఇలా అయిపోయాయేంటమ్మా’ అని వాటికి పుల్లలు కట్టింది. తర్వాత నా ఒడిలో తల పెట్టుకుని నిద్రపోయింది. ఎన్నాళ్లకో నా కూతురు నాకు దొరికిందనుకున్నాను.

కరెంటు వచ్చింది. లైటు వెలిగింది. అది లేచి, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని, లోపలికి వెళ్లి తలుపేసుకుంది. లైటు అప్పటికే బాగా తగ్గించి ఉంది, ఇంక తగ్గించడానికి కూడా లేదు.

వేరే దారి లేనప్పుడే నా దగ్గర కూర్చుంటోందని తెలిశాక ఎందుకు ఉండాలి? ఏప్రిల్ టికెట్‌ని ఫిబ్రవరికి మార్చమని అవినాష్‌కి చెప్పబోతున్నాను. తణుకులో ఫ్లాటు తాళం తీస్తే నా ఇల్లు నాకుంది. కుండీలు కింది పోర్షన్ ఆవిడకిచ్చేస్తాను. ఆవిడ గుజరాతీ, గోంగూర ఏం చేసుకుంటుందో తెలియదు.

ఏడుస్తూ రాస్తున్నాననుకోకు. నిజానికి ఏడుస్తూనే రాస్తున్నాను.

చాముండేశ్వరి


ఫ్రీమాంట్
జనవరి 26, 2025

పిన్నీ, పిన్నీ, టికెట్ ముట్టుకోకు. ఇది పూర్తిగా చదివే దాకా కుర్చీలోంచి లేవకు.

స్పందనకిచ్చిన మాట తప్పుతున్నాను. తర్వాత అది నన్ను తిట్టుకోనీ. దానికి నీ మీద కోపం లేదు. దానికి విపరీతమైన తలనొప్పి. డిసెంబరు నుంచీ. కళ్ల ముందు మెరుపులొచ్చి, వాంతులయ్యేంత నొప్పి. డాక్టర్‌కి చూపించుకుంది, తల స్కాన్ చేయించుకుంది. ఏమీ లేదు, స్ట్రెస్ అన్నారట. ‘అమ్మకి చెప్పకన్నయ్యా, బెంగపెట్టుకుని పడిపోతుంది. ఇక్కడికొచ్చాక ఎప్పుడూ కిటికీలోంచి చూస్తూ ఉండేది, ఆ మొక్కలొచ్చాకే నవ్వుతోంది’ అంది. అందుకే ‘అడక్కు’ అని రాశాను. నిన్ను బాల్కనీలో కూర్చోబెట్టుకోవాలని నిజంగానే పిలిచాను. నువ్వు రెండిటికీ ముడిపెట్టేశావు.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఉత్తరంలో కరెంటు పోయిన సాయంత్రం చదివి ఒక్కసారిగా లేచి నిలబడ్డాను. లైటు లేనప్పుడు అది బాగుంది. లైటు రాగానే కళ్లు మూసుకుంది. వెనక్కి వెళ్లి నీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. ఫోటోలో గీతలు. కొత్త ఫోన్‌లో కూడా గీతలు. నీ ఫోన్ పాడవలేదు పిన్నీ. రెండు ఫోన్లూ నిజమే చెప్పాయి, నేనే వినలేదు.

డ్రైవర్లలో రెండు రకాలు ఉంటాయి. ఒక రకం నా పెట్టె పంపే సిగ్నల్‌ని చూసుకుని, ఇంత చాలు అని కరెంటు నిలకడగా ఇస్తుంది. నా బల్ల మీదున్నది అదే. రెండో రకం ఆ సిగ్నల్‌తో పాటు లైటుని కూడా ఆర్పి వెలిగిస్తుంది. మీ ఇంట్లోది అదై ఉంటుంది. మీది ఏ రకమో నేను అడగనైనా అడగలేదు. మామూలు కంటికి తెలియనంత వేగం. కెమెరాకి మాత్రం గీతలుగా తెలుస్తుంది. కొంతమందికి తలలో తెలుస్తుంది.

ఇంకొకటి. చెప్పడానికి కష్టంగా ఉంది. ఫుల్‌లో పెడితే ఆరడం ఉండదు. తగ్గించిన కొద్దీ ఆరి ఉండే వంతు పెరుగుతుంది, తలకి అంత ఇబ్బంది. నువ్వు దాని కళ్ల కోసమని తగ్గించిన ప్రతిసారీ దాని నొప్పి పెరిగింది. అది నీకు తెలిసే అవకాశం లేదు. తగ్గించమని నేనే రాశాను.

ఒక పని చెయ్యి. రెగ్యులేటర్ పూర్తిగా పెంచి ఒక ఫోటో తియ్యి. ఇప్పుడున్నట్టు తగ్గించి ఇంకోటి తియ్యి. రెండూ చూడు. తర్వాత లైటు ఆపేసి దానితో మాట్లాడు. దీంతోనే నొప్పి అని నేను ఖాయంగా అనలేను, అయినా దాదాపు నమ్ముతున్నాను.

నీ కొడుకులాంటి వాడు, బుద్ధి తక్కువ వాడు,
ఉమ


పార్సిప్పనీ
జనవరి 26, సాయంత్రం

పెంచితే గీతలు లేవు. తగ్గిస్తే ఉన్నాయి.

లైటు ప్లగ్గు పీకేశాను. స్పందన పడుకుంది. లేచాక అడుగుతాను. కాఫీకి పాలు పెడుతున్నాను, తర్వాత రాస్తాను.


పార్సిప్పనీ
ఫిబ్రవరి 16, 2025

బంగారు కొండా ఉమాకాంత్,

నువ్వు ఫోన్‌లో స్పందనతో రోజూ మాట్లాడుతూనే ఉన్నావుగా, అయినా నా ఉత్తరం నేను రాయాలి.

ఆ రోజు అది లేచేసరికి కాఫీ కలిపి మంచం మీద కూర్చున్నాను. చెవి మెషీన్‌కి కొత్త బ్యాటరీ వేసుకుని మరీ కూర్చున్నాను, ఒక్క మాట పోకూడదని.

“తలనొప్పా తల్లీ?” అన్నాను.

“అన్నయ్య చెప్పేశాడా?” అంది.

“ఆ లైటు వల్లేనని నీకు తెలుసా?”

“అనుమానం వచ్చిందమ్మా. హాల్లో ఉంటేనే వస్తోంది, కారులో కూర్చుంటే తగ్గుతోంది.”

“మరి నోరు విప్పి చెప్పలేదేమే?”

“చెప్తే నువ్వు మొక్కలు తీసేస్తావు కదా.”

“తీసేస్తాను మరి! నీ తల కంటే గోంగూర ఎక్కువా నాకు?”

“అందుకే చెప్పలేదు,” అని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఒకరి కోసం ఒకరం మొహమాటపడి, ఒకే ఇంట్లో తలుపుకి ఆ పక్కా ఈ పక్కా రెండు నెలలు ఎలా ఉన్నామో చూడు. అది నా కోసం నొప్పి దాచుకుంది. నేను దాని కోసం రెగ్యులేటర్ తిప్పుతూ కూర్చున్నాను. కన్నకూతురి దగ్గర నాకు మొహమాటమేమిటిరా! టికెట్ సంగతి చెప్తే అవినాష్ ముందే నన్ను కోప్పడింది. ‘నీ మీద కోపం వచ్చినప్పుడు నేనే చెప్తానమ్మా, నువ్వు ఊహించుకోకు’ అంది. ఒప్పుకున్నాను. తనూ అలాగే చెప్పాలని నేను ఒట్టు వేయించుకున్నాను.

నువ్వు పంపిన కొత్త డ్రైవర్ వచ్చేదాకా లైటుని బట్టల క్లోజెట్లో కట్టి, ఫుల్‌లో పెట్టి తలుపేశాం. అవినాష్ కోట్ల మధ్య కరివేపాకు పెరిగింది. ఆఫీసుకి పోపు వాసనతో వెళ్తున్నాడట, పాపం.

కొత్త డ్రైవర్‌ని మొన్న శుక్రవారం అవినాష్ బిగించాడు. నువ్వు చెప్పినట్టే సిగ్నల్ మాట వింటుంది గాని, దానితో పాటు గంతులెయ్యడం లేదు. మొదటి రోజు నాకు నమ్మకం కలగక, రెగ్యులేటర్ ఎక్కడ పెట్టినా అక్కడ ఒక ఫొటో తీశాను. స్పందన విసుక్కుంది. ఒట్టు ప్రకారం విసుక్కుంటున్నానని కూడా చెప్పింది. తలనొప్పి ఈ మూడు వారాల్లో ఒక్కసారి వచ్చింది, అదీ వాళ్ల మేనేజరుతో కాల్ తర్వాత. దానికి నీ దగ్గర రెగ్యులేటర్ ఉంటే పంపు.

మిరప మొక్క ఒకటి పోయింది. రెండోది స్పందన కట్టిన పుల్లని పట్టుకుని నిలబడింది, పూత కూడా వేసింది. ఏప్రిల్ దాకా కాయలు కోసుకోవచ్చు. వేసవికి మీ బాల్కనీ మాట మర్చిపోలేదు, ఈసారి కావాలనే వస్తాను.

ఇన్నాళ్లూ నీకు ఒక్క ఫొటో పంపలేదు. ఇప్పుడు పంపుతున్నాను. రెగ్యులేటర్ సగంలో ఉంది, గీతలు లేవు చూసుకో. మొక్కల వెనకాల, బల్ల మీద లాప్‌టాప్ ముందు, నల్ల కళ్లద్దాలు లేకుండా, ‘నన్ను తియ్యొద్దమ్మా, జుట్టు బాలేదు’ అని నవ్వుతూ చెయ్యి అడ్డం పెడుతోందే, అదే స్పందన.

పచ్చడి సీసా పార్సెల్ వేశాను. కవరు మీద చిరునామా నేనే రాశాను, తప్పిపోదు.

మీ చాముండి పిన్ని